చేతిరాత బోర్డింగ్ పాస్ చెప్పిన పాఠం: సర్వర్ గుండెలోకి ఎవరిని రానివ్వాలి?

2024 జూలై 19, శుక్రవారం. ఉదయం పదిన్నర దాటాక శంషాబాద్ విమానాశ్రయంలో చెకిన్ క్యూలు కదలడం మానేశాయి. కౌంటర్లలో సిస్టమ్స్ పని చేయడం లేదు. ఇండిగో సిబ్బంది పెన్నులు బయటికి తీసి, ప్రయాణికుల పేర్లు, సీటు నంబర్లు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడు తనకిచ్చిన చేతిరాత పాస్‌ను ఫోటో తీసి ఎక్స్‌లో పెడితే, అది ప్రపంచమంతా తిరిగింది. చాలామంది నవ్వుకున్నారు. బస్సు టికెట్ కూడా మెషీన్ మీద వస్తున్న రోజుల్లో విమానం టికెట్ చేత్తో రాయడమా అని.

క్యూలో నిలబడ్డవాళ్లకు మాత్రం అది నవ్వులాట కాదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు మన ఇళ్లకు ఎంత దగ్గరి చోటో వేరే చెప్పక్కర్లేదు. జెద్దా, రియాద్, దుబాయ్, దోహా వెళ్లేవాళ్లను సాగనంపడానికి ఇంటిల్లిపాదీ అక్కడికే వెళతాం. సెలవు మీద వచ్చిన కొడుకు ఫలానా తేదీకల్లా డ్యూటీలో చేరాలి. కొత్తగా వెళ్లే కుర్రాడి వీసాకు గడువు ఉంటుంది. ఒక్క ఫ్లైట్ తప్పితే ముంబైలోనో ఢిల్లీలోనో ఎక్కాల్సిన రెండో ఫ్లైట్ కూడా పోతుంది. ఆ రోజు ఇండిగో ఒక్కటే దేశవ్యాప్తంగా 200 దాకా సర్వీసులు రద్దు చేసింది. పైగా రీబుకింగ్‌కు, రీఫండ్‌కు వీలు ప్రస్తుతానికి లేదని, ఇది తమ చేతుల్లో లేని విషయమని ప్రకటించింది. ఫ్లైటూ లేదు, చేతికి డబ్బూ రాదు, ఎవరినడగాలో తెలియదు.

మరి అది ఎవరి చేతుల్లో ఉన్న విషయం? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే సామాన్యులం ఎప్పుడూ పట్టించుకోని ఒక చోటికి చేరతాం. అది ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఉండే కెర్నెల్. పెద్ద సంస్థలు తమ సర్వర్లకు ఏ కెర్నెల్ ఎంచుకుంటున్నాయి, అందులోకి ఎవరిని అనుమతిస్తున్నాయి అన్నది ఇక కంప్యూటర్ వాళ్ల సొంత గొడవ అనుకుని వదిలేసే సంగతి కాదు.

78 నిమిషాలు

ఆ రోజు పేపర్లు, టీవీలు ‘మైక్రోసాఫ్ట్ డౌన్’ అని రాశాయి, చెప్పాయి. ముందు రోజు రాత్రి అమెరికాలో మైక్రోసాఫ్ట్ వారి అజ్యూర్ క్లౌడ్‌లో వేరే అంతరాయం ఒకటి వచ్చింది కాబట్టి గందరగోళం ఇంకా పెరిగింది. అసలు దెబ్బ మాత్రం వేరే చోట నుంచి వచ్చింది. టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ కేంద్రంగా పనిచేసే క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ, విండోస్ యంత్రాలపై నడిచే తన ‘ఫాల్కన్’ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైల్ పంపింది. మన టైమ్ ప్రకారం ఉదయం 9:39కి వెళ్లింది. తప్పు తెలుసుకుని 10:57కి వెనక్కి తీసుకున్నారు. మధ్యలో గడిచింది 78 నిమిషాలే.

ఆ 78 నిమిషాల్లో ఫైల్ అందుకున్న యంత్రాలు నీలం తెర చూపించి కూలబడ్డాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం అవి దాదాపు 85 లక్షలు. ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో ఇది ఒక శాతం కూడా కాదు. కానీ ఆ ఒక్క శాతం ఎక్కడుంది? విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, టీవీ స్టేషన్లలో. ఖరీదైన భద్రతా సాఫ్ట్‌వేర్ కొనేది అలాంటి పెద్ద సంస్థలే కదా. అందుకే దెబ్బ సరిగ్గా అక్కడే పడింది.

అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ ఐదు రోజుల్లో దాదాపు 7,000 సర్వీసులు రద్దు చేసుకుంది. 50 కోట్ల డాలర్ల నష్టం అని దాని అధిపతి చెప్పారు, తర్వాత కోర్టుకూ ఎక్కారు. మన దగ్గర పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు మర్నాడు, తెల్లవారుజామున 3 గంటల నుంచి ఎయిర్‌పోర్టుల్లో సిస్టమ్స్ మామూలుగా పనిచేస్తున్నాయని తెలిపారు. ప్రభుత్వ కార్యాలయాలను కలిపే ఎన్ఐసీ నెట్‌వర్క్‌పై ప్రభావం పడలేదని ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఆ రోజే ప్రకటించారు.

తప్పు ఫైల్‌ను గంటన్నర లోపే వెనక్కి తీసుకున్నారు కదా, మరి యంత్రాలు వెంటనే ఎందుకు లేవలేదు? ఇది అర్థం కావాలంటే కెర్నెల్ అంటే ఏమిటో తెలియాలి.

వాచ్‌మన్ గది, మెయిన్ బోర్డు

ఒక అపార్ట్‌మెంట్‌ను ఊహించుకోండి. నలభై ఫ్లాట్లు. కింద వాచ్‌మన్ గది. కరెంటు మెయిన్ బోర్డు, నీళ్ల మోటార్ స్విచ్, లిఫ్ట్ తాళం, గేటు తాళం అన్నీ ఆ గదిలోనే. ఏ ఫ్లాట్‌కు నీళ్లు కావాలన్నా, లిఫ్ట్ కావాలన్నా వాచ్‌మన్‌కే చెప్పాలి. ఒక ఫ్లాట్‌లో ఫ్యూజ్ పోతే ఆ ఫ్లాట్ వరకే చీకటి, పక్కింటివాళ్లకు తెలియను కూడా తెలియదు. అదే వాచ్‌మన్ గదిలో మెయిన్ బోర్డు కాలితే? బిల్డింగంతా చీకటే.

కంప్యూటర్‌లో కెర్నెల్ ఆ వాచ్‌మన్ గది. మెమొరీ, డిస్క్, నెట్‌వర్క్, ప్రాసెసర్ అన్నీ దాని చేతిలో ఉంటాయి. మనం వాడే ప్రోగ్రాములు ఫ్లాట్ల లాంటివి. బ్రౌజర్ చచ్చిపోతే మళ్లీ తెరుచుకుంటాం. కెర్నెల్‌లో తప్పు జరిగితే మాత్రం యంత్రం తనను తానే ఆపేసుకుంటుంది. విండోస్‌లో అది నీలం తెర, లినక్స్‌లో దాన్ని కెర్నెల్ పానిక్ అంటారు. అది కావాలని చేసే పని. మెయిన్ బోర్డులో నిప్పురవ్వ కనిపిస్తే ముందు మొత్తం కరెంటు తీసేస్తాం కదా, అలాగే పాడైన మెమొరీతో ముందుకెళ్లి డేటా నాశనం చేయడం కంటే ఆగిపోవడమే మేలని.

ఇప్పుడు ఒక సెక్యూరిటీ ఏజెన్సీ వచ్చి, దొంగల్ని కనిపెట్టాలంటే మా గార్డు వాచ్‌మన్ గదిలోనే కూర్చోవాలి అంటుంది. అడగడంలో అర్థం ఉంది. పైన ఫ్లాట్‌లో కూర్చుంటే గేటు దగ్గరేం జరుగుతోందో తెలియదు, దొంగ ముందు అతన్నే కట్టేయొచ్చు. అందుకే సొసైటీ ఒప్పుకుంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ డ్రైవర్ కూడా అలాగే విండోస్ కెర్నెల్ లోపల, యంత్రం ఆన్ అయ్యే మొదటి క్షణాల్లోనే మొదలయ్యే ఏర్పాటుతో కూర్చుంది. ఆ డ్రైవర్‌కు మైక్రోసాఫ్ట్ పరీక్ష, సర్టిఫికెట్ ఉన్నాయి. కానీ రోజూ కొత్త దొంగల ఆనవాళ్లు చెప్పే ఫైళ్లకు ఆ పరీక్ష లేదు. అవి వస్తూ ఉంటాయి, గార్డు చదువుతూ ఉంటాడు.

జూలై 19న వచ్చినది 291 నంబరు ఛానెల్ ఫైల్. సంస్థ ఆగస్టు 6న విడుదల చేసిన నివేదిక ప్రకారం జరిగింది ఇది. కొత్త ఫైల్ 21వ గడిలో ఏముందో చూడమని అడిగింది. డ్రైవర్ చేతిలో ఉన్నవి 20 గడులే. లేని గడి కోసం చెయ్యి చాచి, తనది కాని మెమొరీని ముట్టుకుంది. కెర్నెల్ వెంటనే యంత్రాన్ని ఆపేసింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే డ్రైవర్, అదే ఫైల్, అదే నీలం తెర. నెట్‌వర్క్ దాకా వెళ్లి మంచి ఫైల్ తెచ్చుకునే సమయమే చాలా యంత్రాలకు దొరకలేదు. అందుకే మనిషి ఒక్కో యంత్రం దగ్గరికెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైల్‌ను చేత్తో తీసేయాల్సి వచ్చింది. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ వెతకడం ఇంకో పరేషానీ.

మరి లినక్స్ పెట్టుకుంటే సరిపోతుందా?

ఆ రోజు లినక్స్, మ్యాక్ యంత్రాలకు ఏమీ కాలేదు. దాంతో సోషల్ మీడియాలో తీర్పులు వచ్చేశాయి, విండోస్ తీసేసి లినక్స్ పెట్టండి అని. లినక్స్ అంటే చిన్నది కాదు. 1991లో హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఆ కెర్నెలే నేడు మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉంది. ప్రపంచంలోని 500 అగ్రశ్రేణి సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబర్ నుంచి దాని మీదే నడుస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ సొంత అజ్యూర్ క్లౌడ్‌లో కూడా కస్టమర్ల పనిలో సగానికి పైగా లినక్స్‌దే. మన నగరం మాటే చూస్తే, అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ క్లౌడ్ రీజియన్ తెరిచింది. ఎయిర్‌పోర్టుకు అటువైపు చందన్‌వెల్లి లాంటి ఊళ్లలో, నిన్నటిదాకా పొలాలున్న చోట, డేటా సెంటర్లు లేచాయి. ఆ గోడల వెనక పనిచేసే సర్వర్లలో లినక్స్‌దే పెద్ద వాటా.

అయినా ‘లినక్స్ పెడితే చాలు’ అన్న మాట నిలవదు. లినక్స్ ఆ రోజు బతికింది ఆ ఫైల్ విండోస్ కోసం తయారైంది కాబట్టి. అంతకు ఒక నెల ముందే, 2024 జూన్‌లో, రెడ్ హ్యాట్ లినక్స్ 9.4లోని ఒక కెర్నెల్‌కు మారిన సర్వర్లలో ఇదే ఫాల్కన్ సాఫ్ట్‌వేర్ ఉంటే కెర్నెల్ పానిక్ వస్తోందని రెడ్ హ్యాట్ తన కస్టమర్లను హెచ్చరించింది. ఆ వార్త పేపర్లలోకి రాలేదు, ఎందుకంటే ఎయిర్‌పోర్టులు ఆగలేదు. లినక్స్ కెర్నెల్‌లో లోపాలు ఏళ్ల తరబడి దాగిన సందర్భాలూ ఉన్నాయి. 2016లో బయటపడ్డ ‘డర్టీ కౌ’ అనే లోపం 2007 నుంచీ అందులో ఉంది.

ఇంకో దారీ ఉంది. వాట్సాప్ తొలినాళ్లలో తన సర్వర్లను ఫ్రీబీఎస్‌డీ అనే వేరే కెర్నెల్ మీద నడిపి, కొద్దిమంది ఇంజనీర్లతోనే కోట్లమందికి మెసేజీలు చేరవేసింది. అంటే ఏ పేరున్న కెర్నెల్ అన్నదాని కంటే, దాన్ని నడిపేవాళ్లకు అది ఎంత తెలుసు అన్నది పెద్ద సంగతి.

తెలుగు నేల మీద రెండు శుక్రవారాలు

అసలు చిక్కు ఎక్కడుందో తెలియాలంటే శంషాబాద్ పక్కన ఇంకో శుక్రవారాన్ని పెట్టి చూడాలి. 2017 మే 12. ఆ రోజు వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది. 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు పలు జిల్లాల్లో దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపం కూడా విండోస్ కెర్నెల్ స్థాయిలో పనిచేసే ఫైల్ షేరింగ్ భాగంలోనిదే. మందు లేని జబ్బు కాదది. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి ప్యాచ్‌ను 2017 మార్చి 14నే ఇచ్చింది. దాదాపు రెండు నెలలు చాలామంది దాన్ని వేసుకోలేదు.

ఈ రెండు శుక్రవారాలూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. 2017లో అప్‌డేట్ వేయనివాళ్లు దెబ్బతిన్నారు. 2024లో అప్‌డేట్ వచ్చిన నిమిషంలోనే వేసుకున్నవాళ్లు దెబ్బతిన్నారు. ఒకరికి ఆలస్యం చేటు, ఇంకొకరికి తొందర చేటు. ‘సురక్షితం’, ‘స్థిరం’ అనే రెండు మాటలను మనం కలిపి పలుకుతాం గానీ, సర్వర్ గదిలో అవి రెండూ రెండు వైపులకు లాగుతాయి. భద్రత అంటుంది, వెంటనే మార్చు అని. స్థిరత్వం అంటుంది, నడుస్తున్నదాన్ని ముట్టుకోకు అని. మంచి కెర్నెల్ ఎంపిక అంటే ఈ ఇద్దరి మధ్యా రాజీ కుదిర్చే పద్ధతిని ఎంచుకోవడం.

2024లో చాలా సంస్థలు ఆ జాగ్రత్త తీసుకున్నామనే అనుకున్నాయి. ఫాల్కన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగ్ ఉండేది. కొత్త వెర్షన్ వద్దు, ఒకటో రెండో వెర్షన్లు వెనక ఉంటాం అని చెప్పుకోవచ్చు. అలా పెట్టుకున్నవాళ్ల యంత్రాలూ కూలాయి. ఎందుకంటే ఆ సెట్టింగ్ ప్రోగ్రామ్ వెర్షన్‌కే వర్తించేది, రోజువారీ వచ్చే కంటెంట్ ఫైళ్లకు కాదు. ముందు తలుపుకు తాళం వేశారు, పక్క తలుపు ఒకటుందని వాళ్లకు తెలియదు. కెర్నెల్ లోపలికి ఎన్ని దారులున్నాయో లెక్క పెట్టుకోకపోతే, ఎంత పేరున్న కెర్నెల్ అయినా ఒకటే.

స్థిరమైన కెర్నెల్ అంటే పాత కెర్నెల్ కాదు

మన ఆఫీసుల్లో ఒక అలవాటుంది. సర్వర్ నడుస్తోంది కదా, ఎందుకు కదపాలి? పదేళ్లుగా ఆగలేదని గొప్పగా కూడా చెప్పుకుంటారు. ఇది స్థిరత్వం కాదు. గడువు తీరిన మందు సీసా అల్మారాలో చెక్కు చెదరకుండా ఉంటుంది, అయినా వాడం కదా.

లినక్స్‌లో కొత్త ప్రధాన కెర్నెల్ తొమ్మిది పది వారాలకొకటి వస్తుంది. వాటన్నిటినీ సర్వర్‌లో పెట్టుకోరు. వాటిలో కొన్నిటిని ‘లాంగ్‌టర్మ్’గా ఎంచి, కొత్త హంగులు చేర్చకుండా లోపాల దిద్దుబాట్లు మాత్రం కొన్నేళ్లు ఇస్తారు. 2024 నవంబర్‌లో వచ్చిన 6.12 అలాంటిదే. పెద్ద సంస్థలు చాలావరకు ఇది కూడా నేరుగా తీసుకోవు. రెడ్ హ్యాట్, సూసే, ఉబుంటు లాంటి పంపిణీదార్లు ఒక కెర్నెల్‌ను పట్టుకుని పదేళ్ల దాకా నిభాయిస్తారు. రెడ్ హ్యాట్ 9లో కెర్నెల్ నంబరు మొదటి నుంచీ 5.14 అనే కనిపిస్తుంది. నంబరు చూసి పాతదని కంగారు పడే ఆడిటర్లున్నారు. కానీ కొత్త కెర్నెళ్లలో దొరికిన లోపాల మందును దానికి ఎప్పటికప్పుడు ఎక్కిస్తూనే ఉంటారు. చూడాల్సింది నంబరు కాదు, మందు అందుతోందా లేదా అన్నది.

ఎప్పటిదాకా అందుతుందన్నదీ ముఖ్యమే. నగరంలో ఎన్నో చిన్న సంస్థలు ఉచితమని పెట్టుకున్న సెంటాస్ 7కు 2024 జూన్ 30తో గడువు ముగిసింది. సెంటాస్ 8 కథ ఇంకా చేదు. 2029 దాకా వస్తుందని నమ్మి పెట్టుకున్నవాళ్లకు, 2020 డిసెంబర్‌లో చెప్పి 2021 డిసెంబర్ 31కే ముగించారు. ఆ ఖాళీలోనే ఆల్మా, రాకీ అనే ఉచిత లినక్స్‌లు పుట్టాయి. విండోస్ వైపు సర్వర్ 2012 గడువు 2023 అక్టోబర్ 10న తీరింది. మామూలు కంప్యూటర్లలోని విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ఆగింది. సర్వర్ 2016కు చివరి తేదీ 2027 జనవరి 12. ఈ తేదీలు గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోవాల్సినవి.

నెమ్మదిగా వెళ్లేవాళ్లకు ఒక్కోసారి అదే రక్షణ అవుతుంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, తన సర్వర్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించి తవ్వితే, ఎక్స్‌జెడ్ అనే చిన్న లినక్స్ సాధనంలో ఎవరో దొంగదారి పెట్టారని తేలింది. అది కెర్నెల్ లోపల కాదు, బయటిదే. కానీ అది అప్పటికి చేరింది పరీక్షల దశలో ఉన్న కొత్త లినక్స్‌లకే. స్థిరమైన వెర్షన్ల మీదున్న సర్వర్లు తప్పించుకున్నాయి.

ఆ తర్వాత ఏం మారింది?

క్రౌడ్‌స్ట్రైక్ ఇప్పుడు కంటెంట్ ఫైళ్లను కూడా విడతలవారీగా పంపుతామని, ఎప్పుడు తీసుకోవాలో కస్టమర్ నిర్ణయించుకోవచ్చని చెప్పింది. మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల నడిపిస్తున్న మైక్రోసాఫ్ట్, 2024 సెప్టెంబర్ 10న భద్రతా సంస్థలను రెడ్‌మండ్‌కు పిలిచి కూర్చోబెట్టింది. నవంబర్‌లో ఒక కార్యక్రమం ప్రకటించింది. భద్రతా సాఫ్ట్‌వేర్‌ను కెర్నెల్ బయట నడిపే ఏర్పాటు, కూలిన యంత్రాన్ని దూరం నుంచే లేపే ఏర్పాటు అందులో ఉన్నాయి. అంటే గార్డును వాచ్‌మన్ గదిలోంచి బయటికి తెచ్చి, అద్దం కిటికీ దగ్గర కుర్చీ వేయడం. ఆపిల్ 2020 నుంచే ఈ దారి పట్టింది. లినక్స్‌లో ఈబీపీఎఫ్ అనే పద్ధతి ఉంది. బయటివాళ్ల కోడ్‌ను ముందుగా తనిఖీ చేసి, హద్దుల్లోనే నడవనిస్తుంది.

మైక్రోసాఫ్ట్ ఇంతకాలం ఎందుకు ఆగింది అంటే, 2009లో యూరోపియన్ కమిషన్‌తో చేసుకున్న ఒప్పందాన్ని ఆ సంస్థ చూపిస్తోంది. తన భద్రతా ఉత్పత్తులకు ఇచ్చే చోటే పోటీదార్లకూ ఇవ్వాలన్నది అందులోని మాట. ఇందులో ఆలోచించాల్సింది ఉంది. గదిలోంచి అందరినీ పంపేసి తాను ఒక్కడే కూర్చుంటే అది భద్రతా, గుత్తాధిపత్యమా? ఈ వాదన ఇంకా తేలలేదు.

కెర్నెల్ బాగుంటే అన్నీ బాగున్నట్టూ కాదు. 2025 సెప్టెంబర్‌లో కాలిన్స్ ఏరోస్పేస్ చెకిన్ సాఫ్ట్‌వేర్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగి హీత్రో, బ్రస్సెల్స్, బెర్లిన్ ఎయిర్‌పోర్టుల్లో మళ్లీ పెన్నూ కాగితం బయటికి వచ్చాయి. 2025 నవంబర్ 6, 7 తేదీల్లో ఢిల్లీలో విమానాల సమాచారం చేరవేసే మెసేజ్ స్విచింగ్ సిస్టమ్‌లో లోపం వచ్చి 800కు పైగా సర్వీసులు ఆలస్యమయ్యాయి. దాన్ని సరిచేయడానికి మన హైదరాబాద్ ఈసీఐఎల్ బృందం అక్కడే ఉండి పనిచేసింది. ఫ్లైట్ ప్లాన్లు అప్పటిదాకా చేత్తోనే నడిపారు. చేత్తో పని నడిపే అలవాటు ఇంకా మిగిలి ఉండటమే ప్రతిసారీ ఆదుకుంది.

నష్టం ఎవరి ఖాతాలో?

సర్వర్‌లో ఏం పెట్టాలో నిర్ణయించేది సంస్థ. ధర తగ్గించి ఇచ్చేది అమ్మకందారు. సరిగ్గా పరీక్షించకుండా పంపింది వాళ్లు. క్యూలో నిలబడింది మాత్రం మనం. మన దేశంలో డీజీసీఏ నిబంధనల ప్రకారం విమానం రద్దయితే రీఫండ్ గానీ వేరే ఫ్లైట్ గానీ ఇవ్వాలి. కానీ ఎయిర్‌లైన్ చేతిలో లేని అసాధారణ పరిస్థితి అయితే అదనపు పరిహారం ఇవ్వక్కర్లేదు. ఇక్కడే అడగాల్సిన ప్రశ్న ఉంది. వరద, తుఫాను ఎవరి చేతిలోనూ లేవు, నిజమే. కానీ ఏ సాఫ్ట్‌వేర్‌కు కెర్నెల్ తాళం ఇవ్వాలి, అన్ని కౌంటర్లలోనూ ఒకేసారి అప్‌డేట్ వెళ్లాలా, సగం కౌంటర్లకు మర్నాడు వెళ్లాలా అన్నవి మనుషులు తీసుకునే నిర్ణయాలు. వాటిని తుఫానుతో జమకట్టి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. పరిహారం నిబంధనల్లో సాఫ్ట్‌వేర్ వైఫల్యాన్ని వేరుగా చూడాలి. శంషాబాద్ నుంచి ఏటా రెండున్నర కోట్లకు పైగా ప్రయాణాలు జరుగుతున్నప్పుడు ఇది చిన్న కోరిక కాదు.

మనం అడగగలిగిన ప్రశ్నలు

ఈ పాఠం పెద్ద కంపెనీలకే కాదు. మెహదీపట్నంలో ట్రావెల్ ఆఫీసు, టోలీచౌకీలో డయాగ్నస్టిక్ సెంటర్, ఏ బస్తీలోనైనా వెయ్యిమంది పిల్లల రికార్డులున్న స్కూలు, ఇవన్నీ ఒకటో రెండో సర్వర్ల మీదే నడుస్తున్నాయి. కంప్యూటర్ చూసే కుర్రాడిని యజమాని ఈ ఆరు మాటలు అడిగితే చాలు.

ఒకటి, మన సర్వర్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ తేదీ దాకా వస్తాయి? తేదీ చెప్పలేకపోతే అక్కడే మొదటి లోపం.

రెండు, కెర్నెల్ లోపల బయటి కంపెనీల సాఫ్ట్‌వేర్ ఏమేముంది? యాంటీవైరస్, బ్యాకప్, పాత ప్రింటర్ డ్రైవర్ దాకా జాబితా రాయించండి. అక్కర్లేనివి తీసేయించండి.

మూడు, అప్‌డేట్ వస్తే ముందు ఏ యంత్రంలో వేసి చూస్తున్నాం? ఒక పాత కంప్యూటర్‌ను అందుకోసమే పెట్టినా చాలు. అక్కడ రెండు రోజులు బాగా నడిస్తే అసలు సర్వర్‌కు వెళ్లాలి. దాడి జరుగుతోందన్న హెచ్చరిక ఉంటే రెండు రోజులు కాదు, రెండు గంటలు. కానీ ఆ మెట్టు మాత్రం దాటవేయకూడదు.

నాలుగు, కొత్త కెర్నెల్ చెడితే పాతదానికి ఎలా వెళ్తాం? లినక్స్ సర్వర్లు చాలావరకు పాత కెర్నెల్‌ను పక్కనే ఉంచుతాయి, ఆన్ చేసేటప్పుడు గ్రబ్ మెనూలో ఎంచుకోవచ్చు. ఆ కుర్రాడు మీ ముందు ఒకసారి చేసి చూపించాలి.

ఐదు, బ్యాకప్ ఎక్కడుంది, డిస్క్ రికవరీ కీ ఎవరి దగ్గరుంది? కూలిన సర్వర్‌లోనే దాని కీ దాచుకున్నవాళ్లు ఉన్నారు.

ఆరు, మొత్తం ఆగిపోతే ఆ రోజు కాగితం మీద పని ఎలా నడుస్తుంది? రశీదు బుక్కు, పేర్ల రిజిస్టరు ఉన్నాయా?

ప్రయాణాల సంగతికొస్తే, టికెట్, వీసా కాగితాల ప్రింట్ ఒకటి సంచిలో ఉంచుకోండి. రద్దయితే ఆ మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రీఫండ్ అడిగేటప్పుడు అదే రుజువు. గల్ఫ్‌లో డ్యూటీలో చేరాల్సినవాళ్లు ఆఖరి రోజు ఆఖరి ఫ్లైట్ మీద ఆధారపడకుండా, వీలైతే ఒక రోజు ముందు బయల్దేరడం మేలు.

ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఇందులో ఒక దారి కూడా ఉంది. అందరూ యాప్‌లు రాయడం నేర్చుకుంటున్నారు. యంత్రం అడుగున ఏం జరుగుతోందో తెలిసినవాళ్లు తక్కువ. లినక్స్ కెర్నెల్ సోర్స్ కోడ్ అంతా ఉచితంగా, బహిరంగంగా ఉంది, పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే మొదలుపెట్టొచ్చు. 2024 జూలైలో ఎయిర్‌పోర్టులను లేపింది సేఫ్ మోడ్ అంటే ఏమిటో, ఏ ఫైల్ తీయాలో తెలిసి, రాత్రంతా ఒక్కో యంత్రం దగ్గరికి నడిచిన సిస్టమ్ అడ్మిన్లే. డేటా సెంటర్లు మన ఊరి పక్కనే లేస్తున్నాయి. వాటి కాంపౌండ్ గోడలు చూడటంతోనే ఆగకుండా, లోపల తాళం పట్టుకునేవాళ్లలో మన పిల్లలూ ఉండాలి.